సంసిద్ధత ఎవరికి లేదు? – వాడ పిల్లల చదువు, ఊరి భాగస్వామ్యం

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారాల్లో మన ప్రభుత్వ పాఠశాలల్లో 'సంసిద్ధతా కార్యక్రమం' జరుగుతుంది. ఒకటో తరగతిలో చేరిన పిల్లకు పలక పట్టడం, గీతలు గీయడం, బొమ్మ చూసి పేరు చెప్పడం, పక్క పిల్లతో కలిసి కూర్చోవడం నేర్పుతారు. పై తరగతుల పిల్లలకు పోయిన ఏడాది పాఠాలు తిరగేయిస్తారు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒకటో తరగతి పిల్లల కోసం 'విద్యా ప్రవేశ్' పేరుతో మూడు నెలల ఆటపాటల కార్యక్రమాన్ని ప్రకటించింది. అదే నెలలో 'నిపుణ్ భారత్' మొదలైంది. 2022 ఆగస్టులో తెలంగాణలో 'తొలిమెట్టు' వచ్చింది. వెనకబడ్డ పిల్లలకు చదువు అందించడానికి ఊళ్లో చదువుకున్నవాళ్లు, పెద్ద తరగతుల పిల్లలు, స్వచ్ఛంద కార్యకర్తలు ముందుకు రావాలని 2020 జాతీయ విద్యా విధానం పిలుపునిచ్చింది. వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. కొందరు పిల్లలు నేర్చుకోవడానికి సిద్ధంగా లేరు. బడి ఒక్కటే వాళ్లను సిద్ధం చెయ్యలేదు. కాబట్టి సముదాయం చెయ్యి కలపాలి.

ఈ ఆలోచనను నేను కొట్టిపారెయ్యడం లేదు. ఆకలితో వచ్చిన పిల్లకు అన్నం పెట్టడం, అక్షరం రాని పిల్లకు పక్కన కూర్చుని అక్షరం చెప్పడం మంచి పనులే. కాని ఇందులో రెండు మాటలు ఏ ప్రశ్నా లేకుండా చెలామణి అవుతున్నాయి. ఒకటి 'సంసిద్ధత'. రెండోది 'సముదాయం'. ఈ రెంటినీ వాడవైపు నుంచి చూస్తే వాటి అర్థమే మారిపోతుంది. దళిత అధ్యయనాలు చేసేవాళ్లం కులహత్యల మీద, రిజర్వేషన్ల మీద, సాహిత్యం మీద చాలా రాశాం. ఒకటో తరగతి గదిలో ఏం జరుగుతుందో మాత్రం విద్యాశాఖకు, స్వచ్ఛంద సంస్థలకు వొదిలేశాం. అది మన తప్పు. ఆ తప్పును నేనూ చేశాను కాబట్టే ఈ వ్యాసం.

'మొద్దు' నుంచి 'సి గ్రేడు' దాకా

నా చిన్నప్పుడు బడిలో వాడ పిల్లలను 'మొద్దులు' అనేవాళ్లు. కొంచెం దయ ఉన్న సారు 'వీనికి చదువు ఎక్కది, ఏంజేస్తం' అనేవాడు. ఇప్పుడు ఎవరూ అట్లా అనరు. 'కనీస సామర్థ్యాలు సాధించలేదు' అంటారు. 'సి గ్రేడు' అంటారు. 'స్లో లర్నర్' అంటారు. 'సంసిద్ధత లేదు' అంటారు. మాట మెత్తబడింది. మాట మెత్తబడటం చిన్న సంగతేం కాదు, తిట్టు తినే పిల్లకు ఆ తేడా తెలుస్తుంది. కాని పాత మాట ఎవరి మీద పడేదో, కొత్త మాట కూడా వాళ్ల మీదే ఎందుకు పడుతోంది?

సంసిద్ధత అనేదాన్ని కొలవాలంటే ఒక గజం కావాలి. ఆ గజం ఎవరి ఇంట్లో తయారైంది? ఇంట్లో పుస్తకం ఉండటం, పడుకునేముందు కథ చదివి వినిపించేవాళ్లు ఉండటం, పెన్సిలు పట్టడం మూడేళ్లకే రావడం, బడిలో పలికే తెలుగే ఇంట్లోనూ పలకడం, సారు అడిగితే జంకకుండా జవాబు చెప్పడం – ఇవన్నీ ఉన్న పిల్ల సిద్ధంగా ఉన్నట్టు. రెండు మూడు తరాలుగా బడిని చూసిన కులాల ఇళ్లలో ఇవి ఉత్తినే దొరుకుతాయి. అక్కడ సంసిద్ధత ఒక వారసత్వం. పొలం, ఇల్లు వారసత్వంగా వొచ్చినట్టే అది కూడా వొస్తుంది. ఆ వారసత్వాన్ని 'తెలివి' అని పిలవడం దగ్గరే మోసం మొదలవుతుంది.

వాడ పిల్ల ఖాళీ బుర్రతో బడికి రాదు. మాదిగ ఇంట్లో పెరిగిన పిల్లకు ఆరె ఏదో, రంపె ఏదో తెలుసు. తోలు సున్నంలో ఎన్నాళ్లు నానాలి, లందలో తంగేడు చెక్క ఎందుకు వేస్తారు అన్నది తాత నోట విని ఉంటుంది. కూలికి పోయే తల్లి వెంట తిరిగిన పిల్లకు సోల, తవ్వ, మానిక, కుంచం తెలుసు. వారంలో ఎన్ని కూళ్లు పడ్డాయి, ఎన్ని బాకీ ఉన్నాయి అని తల్లి లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని ఉంటుంది. ఇది కొలతల లెక్క కాదా? రసాయన శాస్త్రం కాదా? కంచ ఐలయ్య 1996లో వెలువరించిన పుస్తకం, తెలుగులో 'నేను హిందువు నెట్లయిత?'గా వొచ్చింది, ఈ ప్రశ్నను మన ముందు పెట్టి మూడు దశాబ్దాలవుతోంది. అయినా మన వాచకాల్లో, పరీక్షల్లో ఈ జ్ఞానానికి చోటు నామమాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లంద పని తెలుసు కాబట్టి ఆ పిల్లను లంద దగ్గరే ఉంచమని నేను చెప్పడం లేదు. 'మీ జ్ఞానం గొప్పది, మీరు అక్కడే ఉండండి' అనేది పాత కులధర్మమే, కొత్త బట్టలు తొడుక్కొని వొస్తుంది. వాడ పిల్లకు అక్షరం కావాలి, లెక్క కావాలి, ఇంగ్లీషు కావాలి. నేను అడిగేది ఒక్కటే. ఆ పిల్లకు ఏం రాదో జాబితా రాసే బడి, ఆ పిల్లకు ఏం వొచ్చో తెలుసుకోవడానికి ఒక్క పూట కూడా ఎందుకు కేటాయించదు? తెలిసినదాని మీద నిలబెట్టి తెలియనిది నేర్పడం ఏ ఉపాధ్యాయ శిక్షణలోనైనా చెప్పే మొదటి పాఠం. ఆ పాఠం వాడ పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు పనికిరాకుండా పోతుంది?

ఊరు అంటే ఎవరు?

రెండో మాట 'సముదాయం'. మన పల్లెల్లో ఆ మాటకు బదులు 'ఊరు' అని అనుకుంటారు. ఊరంతా కలిసి బడిని బాగుచేసుకోవాలి అంటారు. తెలుగు మాట్లాడే ఎవరికైనా తెలుసు, మన భాషలో ఊరు వేరు, వాడ వేరు. 'ఊళ్లోకి పోయొస్త' అని వాడ మనిషి అంటే తాను ఉన్నది ఊళ్లో కాదని చెప్పుకున్నట్టే. ఊరి భాగస్వామ్యం అనగానే వాడ దానంతటదే అందులో కలిసిపోదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను ఆదర్శంగా తీసుకోవడానికి ఎందుకు ఒప్పుకోలేదో గుర్తుచేసుకోవాలి. మన దగ్గర అంతకంటే రుజువేం కావాలి? 1985 జూలైలో కారంచేడు. 1991 ఆగస్టులో చుండూరు. రెండు చోట్లా దాడికి దిగింది ఎక్కడినుంచో వొచ్చినవాళ్లు కాదు. కారంచేడులో గొడవ మొదలైందే మంచినీళ్ల చెరువు దగ్గర.

ఇట్లాంటి సమాజంలో 'కమ్యూనిటీ' అనే మాటను ప్రభుత్వం చట్టంలోకి తెచ్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యలో సముదాయ భాగస్వామ్య చట్టం వొచ్చింది. తల్లిదండ్రుల కమిటీలు ఏర్పడ్డాయి. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్ కింద పాఠశాల యాజమాన్య కమిటీలు పెట్టమంది. అందులో కనీసం మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. కాగితం మీద ఇది మంచి చట్టం. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో 'అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు' వొచ్చాయి. పేర్లు మారుతున్నాయి, కమిటీలు మారుతున్నాయి.

నా పరిశోధన కోసం తిరిగిన ఊళ్లలో నేను చూసింది చెప్తాను. కమిటీ చైర్మన్ పదవిలో వాడ ఆడమనిషి ఉన్నచోట్ల కూడా రిజిస్టరు ఆమె ఇంటికి సంతకం కోసమే వొస్తుంది. మీటింగు పొద్దున పదకొండు గంటలకు. ఆ టైముకు ఆమె పత్తి చేలో ఉంటుంది. కూలి పోగొట్టుకుని వొస్తే ఆ పూట కూలి ఎవరిస్తారు? వొచ్చినా గోడలకు రంగులు, కాంపౌండు, మరుగుదొడ్డి – ఇవే చర్చ. తన పిల్లకు మూడో తరగతిలో కూడా ఎందుకు చదవడం రాలేదని అడిగే వరస ఆ మీటింగులో రాదు. నేను ఒకామెను అడిగాను, 'అక్కా, మరి నువ్వు అడగరాదా?' అని. 'ఏమని అడుగుదు బిడ్డా, నాకు సదువొస్తే గద అడగనీకి' అన్నది. తనకు చదువు రాకపోవడాన్నే తన నోరు మూసే సాధనంగా చేశారు. హక్కు ఇచ్చి, ఆ హక్కును వాడుకునే వీలు లేకుండా చేసే కిటుకు ఇది.

భాగస్వామ్యం నిజంగా పరీక్షకొచ్చేది అన్నం దగ్గర. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003లో అది అమల్లోకొచ్చింది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. నేర్చుకోవడానికి పిల్లను సిద్ధం చెయ్యడంలో ఈ అన్నం చేసిన పని ఏ శిక్షణా చెయ్యలేదు. కడుపులో అన్నం లేని పిల్లకు అక్షరం కనపడదు, నల్లబల్ల మసకగా కనపడుతుంది. ఇది నేను అనుభవించి చెప్తున్నాను. అదే అన్నం వాడ మనిషి వండిందని తెలిసి పిల్లలను ఇంటికి పిలిపించుకున్న ఊళ్ల వార్తలు దేశంలో అన్ని వైపుల నుంచీ వొచ్చాయి. ఆ ఊరే రేపు వాడ పిల్లకు 'సంసిద్ధత' కల్పించే సముదాయం ఎట్లా అవుతుంది? ముందు సిద్ధం కావాల్సింది ఎవరు?

మన చేతుల్లో పుట్టిన బడులు

సముదాయ భాగస్వామ్యం అనేది ఇవ్వాళ ప్రాజెక్టుల నుంచి పుట్టినట్టు మాట్లాడతారు. మనకు ఆ చరిత్ర నూరేళ్లకు పైబడి ఉంది. దాన్ని ఎవరూ భాగస్వామ్యం అనలేదు, అంతే.

మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయిన మనిషి 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఈసామియా బజారులో బడి తెరిచాడు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో వాడ పిల్లలకు తెలుగులో చదువు చెప్పించాడు. ఆ బడులు పెరిగి పెరిగి ఇరవై దాటాయి. తర్వాత నిజాం ప్రభుత్వం వాటి బాధ్యత తీసుకోవాల్సొచ్చింది. ఆ క్రమం గమనించండి. ముందు వాడ తన బడిని తాను పెట్టుకుంది, ఆ తర్వాత రాజ్యం చేత ఒప్పించింది. అంతేగాని రాజ్యం చేయాల్సిన పనిని ఎప్పటికీ తన నెత్తిన పెట్టుకోలేదు. భాగ్యరెడ్డి వర్మ బడితో ఆగలేదు. తాగుడు మాన్పడం, బాల్యవివాహాలు ఆపడం, జోగిని దురాచారాన్ని ఎదిరించడం, 'మేము ఆదిహిందువులం' అని పేరు మార్చుకోవడం – ఇవన్నీ ఒకే పనిలో భాగాలు. పిల్ల నేర్చుకోవడానికి సిద్ధం కావాలంటే ఆ పిల్ల తండ్రి తల ఎత్తుకుని నడవాలి అని ఆయనకు తెలుసు. ఇవ్వాళ్టి మాడ్యూళ్లలో ఈ ఒక్క సంగతే ఉండదు.

అంబేద్కర్ కూడా చదువు అనంగానే ముందు హాస్టలు గురించి ఆలోచించాడు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాడు. మరుసటి ఏడాదే సోలాపూర్‌లో ఆ సభ వసతి గృహం తెరిచింది. చదువుకోవడానికి దీపం, అన్నం, పక్కన మరొక చదువుకునే పిల్లవాడు ఉండాలి. పాఠం ఆ తర్వాత. కోస్తాలో క్రైస్తవ మిషన్లు పెట్టిన బోర్డింగు బడులు కూడా ఇదే చేశాయి. ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్ర రాసేవాళ్లు క్లో దొర పేరు ముందు చెప్తారు. కాని వాడవాడా తిరిగి మనుషులను కదిలించిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ లేకుండా ఆ మిషను ఎక్కడుండేది? బయటి సాయం, లోపలి మనిషి కలిసిన చోటే చదువు నిలబడింది. ఎక్కడైతే లోపలి మనిషి లేడో అక్కడ సాయం సాయంగానే మిగిలింది.

సాహిత్యం చేసిన పని కూడా ఇందులో భాగమే. బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఈ నాటకం మీద మనకు విమర్శ ఉండొచ్చు. చదువుతో ఒక్కడు పైకెక్కితే వాడ మొత్తం మారుతుందా అని అడగొచ్చు. కాని కోస్తా జిల్లాల వాడల్లో ఆ నాటకం చూసి తమ పిల్లలను పశువుల కాపు మాన్పించి బడిలో వేసిన తల్లిదండ్రుల గురించి పెద్దలు చెప్పుకుంటారు. తల్లిదండ్రులకు 'అవగాహన సదస్సు' అంటే ఇవ్వాళ ఫ్లెక్సీ, మైకు, టీ. అప్పుడు అది నాటకం. తేడా ఎక్కడుందంటే ఆ నాటకంలో వాడ మనిషి తననే చూసుకున్నాడు.

శిబిరాలు చెప్పిన పాఠం

మన కాలంలో ఈ విషయంలో లోతుగా చర్చించాల్సిన ప్రయోగం ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన శిబిరాలు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ పని మొదలైంది. ఈ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వొచ్చింది. జీతం ఉన్న పిల్లలను, పశువులు కాసే పిల్లలను, ఇంటి పని చేసే ఆడపిల్లలను బయటికి తెచ్చి కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వాళ్ల వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి అవమానించలేదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అని ఉన్నది ఈ ఆలోచనే.

ఈ ప్రయోగం సంసిద్ధత అనే మాటను తలకిందులు చేసింది. అంతకుముందు మేధావులంతా 'పేదవాళ్లకు పిల్లల కూలి అవసరం, వాళ్లకు చదువు మీద ఇష్టం లేదు' అని రాసేవాళ్లు. బడికి రాని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి తల్లీ తన పిల్ల చదవాలనే కోరుకుంటుంది, సిద్ధంగా లేనిది బడి – అని ఈ పని చేసి చూపించింది. ఊళ్లో కొత్తగా చదువుకున్న యువకులే ఇంటింటికీ తిరిగారు. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటి తరం అక్షరాస్యులు. సర్కారు బడి టీచర్లు కూడా బాల కార్మిక విమోచన వేదిక పెట్టుకుని కలిసొచ్చారు.

అయితే రెండు విమర్శలు చెప్పాలి. మొదటిది, 'బాల కార్మికులు' అనే పేరు కింద కులం కనపడకుండా పోయింది. జీతం ఉన్న పిల్లల్లో మాల, మాదిగ, లంబాడ పిల్లలే ఎందుకు అంత ఎక్కువ? ఆ పిల్లను జీతం పెట్టుకున్న ఆసామి కులం ఏది? ఊరంతా కలిసి రావాలి అంటే ఆ ఆసామిని కూడా కలుపుకుపోవాలి, కాబట్టి కులం మాట వెనక్కి పోయింది. ఆ ఎత్తుగడ వల్ల ఎంతోమంది పిల్లలు బయటపడ్డారు, నేను కాదనను. కాని బడిలో చేరిన ఆ పిల్లకు తరగతి గదిలో మళ్లీ కులం ఎదురైనప్పుడు, దాన్ని పేరు పెట్టి పిలిచే భాష ఆ పిల్లకు ఎవరిచ్చారు?

రెండోది, ఈ నమూనాను ప్రభుత్వం తీసుకున్నప్పుడు దాని ప్రాణం తీసేసి ఖర్చు లెక్క మాత్రం తీసుకుంది. ఇంటింటికీ తిరిగిన యువకుల స్థానంలో 1990ల చివర నుంచి 'విద్యా వాలంటీర్లు' వొచ్చారు. టీచరు పని, వాలంటీరు జీతం. అదీ నెలనెలా రాదు. ఆ పని చేసినవాళ్లలో వాడ యువతీ యువకులు చాలామంది ఉన్నారు. అంటే వాడ పిల్లలకు చదువు చెప్పడానికి వాడ నిరుద్యోగులను అగ్గువకు పెట్టుకున్నారు. 'సేవ' అనే మాట మన మీదికి ఎప్పుడొచ్చినా దాని వెనక వెట్టి ఉందా అని చూసుకోవాలి. మన తాతలు చేసిన వెట్టిని కూడా అప్పట్లో సేవ అనే అన్నారు. జీతం ఇచ్చి పెట్టాల్సిన టీచరు పోస్టును ఖాళీగా ఉంచి, అక్కడ స్వచ్ఛంద సేవను పిలవడం భాగస్వామ్యం కాదు.

స్టడీ అవర్లో అన్న

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు.

మా ఇంట్లో ఇద్దరం. నేనూ, నాకంటే రెండేళ్లు చిన్నవాడు తమ్ముడు. అయిదో తరగతి దాకా ఇద్దరమూ ఒకే బడి, ఇద్దరమూ వెనక వరసే. నిజం చెప్పాలంటే తమ్ముడు నాకంటే చురుకు. నోటి లెక్కలు వాడే ముందు చెప్పేవాడు. ఆరో తరగతికి నాకు సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు దొరికింది. నాకు అప్పటికి తెలుగు వాచకం కూడబలుక్కుని చదవడమే సరిగా రాదు. అక్కడ రోజూ సాయంత్రం స్టడీ అవర్. వార్డెను వొచ్చినా రాకున్నా తొమ్మిదో తరగతి అన్న ఒకాయన మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేవాడు. ఆయన నన్ను 'రాదా?' అని అడగలేదు. 'ఎక్కడ ఆగింది, చెప్పురా' అని అడిగేవాడు. మూడు నెలల్లో నేను చదవడం పట్టుకున్నాను. ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు, సర్టిఫికెటు ఇవ్వలేదు. అంతకుముందు ఏళ్లలో ఆయనకు ఇంకొక అన్న చెప్పాడు. నేను తర్వాత చిన్నపిల్లలకు చెప్పాను.

తమ్ముడికి సీటు రాలేదు. ఊరి బడిలోనే ఉన్నాడు. చదువు రానివాళ్ల గుంపులో వెనక కూర్చోబెట్టారు. నీళ్లు తేవడానికి, ఊడవడానికి ఆ గుంపునే పంపేవాళ్లు. ఏడో తరగతిలో మానేశాడు. ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడు. మా ఇద్దరిలో ఒకడు పరిశోధకుడు, ఒకడు సెంట్రింగు మేస్త్రి. మా ఇద్దరి సంసిద్ధతలో తేడా లేదు. తేడా ఒక హాస్టలు సీటు, ఒక తొమ్మిదో తరగతి అన్న.

హాస్టళ్లను నేను ఆకాశానికెత్తడం లేదు. నీళ్ల చారు, దోమలు, పగిలిన కిటికీలు, రోగమొస్తే అడిగే దిక్కు లేకపోవడం – వాటిలో చదివినవాళ్లందరికీ తెలుసు. 1980ల్లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు అంతకంటే మెరుగైన చదువు ఇచ్చాయి. 2014 మే నెలలో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు వాడలన్నీ గర్వపడ్డాయి. కాని గురుకులంలో అయిదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంది. పరీక్ష రాయగలిగిన పిల్ల, రాయించగలిగిన తల్లిదండ్రులు వాడ బడి నుంచి వెళ్లిపోతున్నారు. మిగిలిన బడిలో ఎవరున్నారు? పరీక్షలో నిలవనివాళ్లు, అడగలేని తల్లిదండ్రులు. మా తమ్ముడి లాంటివాళ్లు. వాళ్లకు పాఠం చెప్పే అన్న కూడా గురుకులానికే పోయాడు. గురుకులాలు వొద్దని కాదు. ఆ సాధనతోనే మన పని అయిపోయిందని అనుకోవడం తప్పు. ఎన్నికైన పిల్లల విజయాన్ని చూపించి ఎన్నిక కాని పిల్లల బడిని మరిచిపోయే రాజకీయాన్ని మనం గుర్తించాలి.

ఇంకొక ప్రమాదం కూడా పక్కనే ఉంది. విద్యాహక్కు చట్టానికి 2019లో జరిగిన సవరణ 5, 8 తరగతుల్లో పిల్లలను ఆపేసే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. 'సంసిద్ధత లేదు' అనే మెత్తటి మాట వెనక నిలబడ్డ గట్టి కర్ర ఇదే. ఒకసారి ఆపితే వాడ పిల్ల మళ్లీ ఆ తరగతిలో కూర్చోదు, కూలికి పోతుంది.

మనం అడగాల్సింది

'విమర్శ సరే, మరి చదవడం రాని పిల్లను ఏం చెయ్యమంటారు?' అని టీచరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన పిల్లలకు చదవడం రావడం లేదన్నది నిజం. ఆత్మగౌరవం పేరుతో ఆ నిజాన్ని దాచడం పిల్లలకు ద్రోహం. వాళ్లకు అదనపు సమయం, అదనపు శ్రద్ధ కావాలి. అది ఎవరి చేతుల మీదుగా, ఏ పేరుతో, ఎవరి ఖర్చుతో అన్నదే తగువు.

సాయంత్రం చదువు కేంద్రం వాడలో ఉండాలి, ఊరి గుడి అరుగు మీద కాదు. కమ్యూనిటీ హాలో, అంబేద్కర్ భవనమో ఏదైనా సరే, వాడ ఆడపిల్ల చీకటి పడ్డాక భయం లేకుండా ఇంటికి నడిచి పోగలిగిన చోట ఉండాలి. అక్కడ చెప్పే యువతికి టీచరు పనికి తగ్గ జీతం ఉండాలి. టీచరు పోస్టులు నింపకుండా ఆ కేంద్రాన్ని చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. కమిటీ మీటింగు కూలి జనం వొచ్చే వేళకు పెట్టాలి, లేదా ఆ పూట కూలి కట్టివ్వాలి. మీటింగులో మొదటి అంశం గోడల రంగు కాదు, ఎంతమంది పిల్లలు చదవగలుగుతున్నారన్నది కావాలి. సామర్థ్యాల జాబితా వాడ తల్లులకు చదివి వినిపించాలి, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో. పిల్లలను గుంపులుగా విడదీసినప్పుడు ఏ గుంపు ఎక్కడ కూర్చుంటుందో, ఏ గుంపు నీళ్లు తెస్తుందో కమిటీ చూడాలి.

దానితోపాటు మన పని మనకుంది. ఉద్యోగాల్లో స్థిరపడ్డ మన వాళ్లు అంబేద్కర్ జయంతికి విగ్రహానికి దండ వేసి వొస్తున్నాం. ఏడాదికొకసారి నోటుపుస్తకాలు పంచుతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఉగాది నాడు మొదలైన పి-4లో ఉన్నవాళ్లు 'మార్గదర్శులు'గా పేద కుటుంబాలను దత్తత తీసుకోవాలన్నారు. దత్తతలో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఉంటారు. హాస్టలు అన్న నన్ను దత్తత తీసుకోలేదు. తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మన సంఘాలు ఆ పని మళ్లీ ఎత్తుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న దళిత పరిశోధకులం మొదట ఎత్తుకోవాలి.

పోయిన జూలైలో తమ్ముడు ఫోను చేశాడు. వాని బిడ్డ బస్తీ బడిలో ఒకటో తరగతి. బడి నుంచి ఒక కాగితం ఇచ్చారట. కూడబలుక్కుని చదివి వినిపించాడు. 'సంసిద్ధత: లేదు' అని ఉంది. 'అంటే ఏందే అన్నా?' అని అడిగాడు. బిడ్డకు ఏమొచ్చో చెప్పమన్నాను. నాన్న తెచ్చే ఇనుప చువ్వలు ఎన్నో చూసి చెప్తదట, పక్కింటి పిల్లలకు పాటలు నేర్పుతదట, అమ్మ చెప్పిన సామాన్లన్నీ దుకాణంలో మరిచిపోకుండా తెస్తదట.

ఆ మాటలన్నీ ఆ కాగితం వెనక రాయమని చెప్పాను. రాయడానికి వానికి చాలాసేపు పట్టింది. మరునాడు పని మాని, ఆ కాగితం పట్టుకుని బడికి పోయాడు.